ఊరి పటమున ఉండవలసినది

పసుపు లేని శుభకార్యము లేదు. గడపకు పసుపు, తలంబ్రాలకు పసుపు, మంగళసూత్రమునకు పసుపు. ఆ పసుపును పండించు సీమలలో నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతము పేరెన్నిక గన్నది. వేల్పూరు ఆ ప్రాంతములోనిదే. నెలల తరబడి నేలలో ఊరిన దుంపను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టిన పిమ్మటగాని అది దేవుని సన్నిధికి చేరదు. ఇట్టి ఊరు తన చరిత్రను పదిమంది చూచునట్లు చిత్రించుకొనదలచినచో అందు దేనిని చూపవలెను? ఆత్మస్తుతి దోషమని పెద్దలందురు. ఒక్కనికి దోషమైనది ఊరికంతటికి గుణమెట్లగును?

ఈ ప్రశ్నకు తెలంగాణమున పూర్వులు తమ కళతోనే సమాధానము చెప్పియున్నారు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశి చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూసి, దానిపై ఎర్రని రంగు పరచి, మూరలకొలది పొడవైన పటములు వ్రాయుదురు. ఆ పటములను విప్పి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణమును వినిపింతురు. మందహెచ్చులవారు యాదవులకు కాటమరాజు కథను కర్రబొమ్మలు నిలిపి చెప్పుదురు. గుడ్డ, కర్ర, రంగు, పాట, వాద్యము అన్నియు కలిసి, ఊరి నడుమ ఒక కులము తన పుట్టుపూర్వోత్తరములను కనులార చూచుకొనును.

ఇది ఆత్మస్తుతి కాదా యనవచ్చును. కాని పటము విప్పగానే మొదట కనబడునది విఘ్నేశ్వరుడు. కులము కథ ఆ తరువాతనే. పద్మశాలీల కథలో భావనాఋషి పద్మపు నారతో దేవతలకు వస్త్రములు నేసెను. అనగా ఆ కథ చాటునది ఇతరులపై ఆధిక్యమును కాదు, తమ చేతిపని భగవత్సేవకై పుట్టినదను సత్యమును. పటము శిథిలమైనప్పుడు దానిని నదిలో నిమజ్జనము చేయు ఆచారము కలదు. తన కీర్తిని నీట విడువగలవానికి గర్వమెక్కడిది? తిరుమల యాత్రికులు ఆలయమున ప్రవేశించునప్పుడు శ్రీకృష్ణదేవరాయల విగ్రహమును, ఇరుప్రక్కల దేవేరుల విగ్రహములను దర్శింతురు. అంతటి చక్రవర్తియు అచట చేతులు జోడించియే నిలిచియున్నాడు. చరిత్రలో మానవునికి తగిన భంగిమ అదియే.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న వేరొకటి కలదు. ఊరు చేసిన తప్పును పటమున చూపవలెనా, దాచవలెనా?

దీనికి తిరుమంగై ఆళ్వారుల చరిత్రయే సమాధానము. భాగవతుల అన్నదానమునకు ధనము చాలక ఆయన దారిదోపిడికి దిగెను. పెండ్లికొడుకై వచ్చిన శ్రీమన్నారాయణునే అడ్డగించి, ఆ స్వామి వలననే అష్టాక్షరిని పొందెను. సంప్రదాయము ఈ కథను మరుగుపరచలేదు. శ్రీరంగాది క్షేత్రములలో ఆ దోపిడిని ఉత్సవముగా నడుపుచున్నారు. ఆళ్వారుల ఉత్సవమూర్తి చేత ఖడ్గము నేటికిని ఉన్నది. దొంగను దాచినచో దయను చూపుటెట్లు?

వేల్పూరు చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు. బడియీడు పిల్లలు కొందరు పనులకు పోవుచుండిరి. పలువురి వెనుక తల్లిదండ్రుల అప్పు బరువై యుండెను. 2001లో అధికారులు, సర్పంచులు, ఊరి పెద్దలు ఏకమై ఇంటింటికి తిరిగిరి. పిల్లలను పనిలో పెట్టుకొన్న యజమానులు ఆ బాకీలను బహిరంగ సభలలో మాఫీ చేసిరి. ఆ సంవత్సరము అక్టోబరు 2న వేల్పూరు మండలము బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడెను. తమ ఊర బాలకార్మికులు లేరని గ్రామములలో పలకలు వెలసెను. పురుగులు, రంగులు లేకున్నను అవియును ఊరి పటములే.

ఆ ఘట్టమును చిత్రించునాడు బడిగంటను మాత్రమే చూపి, దానికి ముందరి పనిముట్టును విడుచుట అసత్యము. అట్లని కష్టపడిన బిడ్డ ముఖమును గుర్తుపట్టునట్లు వీధిలో నిలుపుటయు ధర్మము కాదు. తప్పు ఊరిది, సిగ్గు బిడ్డకు రారాదు. చూపవలసినది అప్పుపత్రమును విడిచిన చేతిని, పలక పట్టిన చేతిని.

వేల్పూరుకు అనతిదూరమున భీమ్‌గల్ చెంత లింబాద్రి గుట్టపై శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. తండ్రి పెట్టిన బాధల నుండి బాలుని కాపాడిన స్వామి ఆయన. ఆ స్వామికి అర్పించు పసుపు వెనుక ఏ బిడ్డ కన్నీరును లేదని చెప్పగలుగుటయే ఊరికి నిజమైన కీర్తి. పటమున మొదట దైవము, పిదప శ్రమ, ఆపై తప్పు, తప్పును దిద్దుకొన్న తీరు. చివర, జోడించిన చేతులు. ఇట్లు వ్రాసికొన్న చరిత్ర ఆత్మస్తుతి కాదు, శరణాగతి.