అటక మీది మానిక

దసరా ముందు ఇల్లు దులపడమంటే మాటలా! కట్టంగూర్‌లో మా అత్తవారింటి అటక మీదనైతే మూడు తరాల సామాను. పోయినేడు కొంగు ముక్కుకు చుట్టుకుని ఎక్కాను. గాజు పగిలిన కందిలి, చిల్లుపడ్డ గంగాళం, తుప్పుపట్టిన ఇనుప మానిక దింపాను. "అత్తమ్మా, ఇవి తీసెయ్యనా?" అని పైనుంచే అడిగాను. జవాబు లేదు. మౌనం అర్ధాంగీకారమనుకుని పాత ఇనుము బండికి వేసేశాను.

సంక్రాంతి ముందు పక్కింటామె వచ్చింది, కందులు కొలవడానికి మానిక కావాలని. ఏటా పట్టుకెళ్ళేదట! "ఏడాదికొక్కపారైనా అక్కరకొస్తుండె గద బిడ్డా" అంది అత్తమ్మ. నేనడిగింది ఆమె చెవిన పడనేలేదు. పక్కింటామెనైతే అసలు అడగనేలేదు.

హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఈ సంగతి చెబితే, "మా కెర్నెల్లోనూ ఇదే గొడవమ్మా" అని నవ్వాడు. కెర్నెలంటే యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి, ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికెంత చోటో పంచిపెట్టే మూల ప్రోగ్రాము. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నెల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి, 386 ప్రాసెసరున్న తన కంప్యూటరు కోసం మొదలుపెట్టాడు. కొత్తరకం యంత్రం వచ్చినప్పుడల్లా దానికి తగిన కోడు చేరుతూ వచ్చింది. యంత్రాలు మూలపడ్డాయి, కోడు మాత్రం మిగిలిపోయింది.

ఉంటే ఉండనీ, అన్నం అడుగుతుందా అంటాం మనం. అడుగుతుందట! ఒకచోట మార్పు చేస్తే ఆ పాత కోడులోనూ చేయాలి. పరీక్షించి చూద్దామంటే ఆ యంత్రాలు దొరకవు. ఎవరూ చూడని మూలలోనే దొంగలు దూరే కన్నం మిగిలిపోవచ్చు. అందుకే 2012లో 386 కోడు తీసేశారు. లినక్స్ తను పుట్టిన ఇంటికే మళ్ళీ వెళ్ళలేని బిడ్డ అయింది! నాకలాంటి మమకారాలేం లేవంటూ టోర్వాల్డ్స్ ఒప్పేసుకున్నాడు. 2018లో మరో ఎనిమిది రకాల ప్రాసెసర్ల కోడు, దాదాపు 5 లక్షల పంక్తులు తీసేశారు.

విని నాకు మనసు చివుక్కుమంది. కాని ఆలోచిస్తే, "ఉండనీ" అనేది ఎవరు? మగవాళ్ళు. అటక దులిపేది ఎవరు? మనం. దాచడం ఊరికే జరగదు, ఆ ఖరీదు ఎవరి రెక్కలో కడుతుంటాయి. అలాగని దులిపే చేతికి తోచిందే న్యాయమా? కెర్నెల్ వాళ్ళు ముందుగా చాటుతారట, ఇది ఎవరైనా వాడుతున్నారా అని. ఏ మారుమూలో పాత యంత్రం నడుపుకునేవాడికి ఆ చాటింపు వినబడిందో లేదో! అయినా వాళ్ళకొక వీలుంది. తీసేసిన కోడు పాత ప్రతుల్లో భద్రంగా ఉంటుంది. ఎవరైనా వచ్చి "నాకు కావాలి, దాని బాగోగులు నేనే చూసుకుంటాను" అంటే తిరిగి పెట్టుకోవచ్చు.

నా మానికకు ఆ వీలు లేదు. కరిగి ఏ చువ్వ అయిందో! తిరిగి తేలేనిదాన్ని తీసేసే ముందు అడిగామనిపించుకుంటే చాలదు, వినబడిందో లేదో కూడా చూసుకోవాలి. ఈసారి అటక మీద నిలబడి కాదు, అత్తమ్మ పక్కన కూర్చుని అడుగుతాను. పక్కింటామెనూ పిలుస్తాను. ఏమంటారు?