మెడలో అర మిల్లీమీటరు

పులివెందుల దగ్గర్లోని వేముల చుట్టుపక్కల నేల తవ్వితే ముగ్గురాయి దొరుకుతుంది. తుమ్మలపల్లె దగ్గర ఇంకా లోతుకు పోతే యురేనియం. పైన చూస్తే అరటి తోటలు, చీనీ చెట్లు. ముగ్గురాయిలో ఉండేది బేరియం. అదే బేరియానికి టైటానియం కలిపి చేసిన పింగాణీ లాంటి పదార్థానికి కరెంటు తగిలిస్తే వణుకుతుంది, వణికి శబ్దం పుట్టిస్తుంది. 1950ల నాటి కొన్ని అల్ట్రాసౌండు పరికరాల్లో పలికింది ఆ పదార్థమే. ఇప్పుడు దాని చోట సీసం, జిర్కోనియం కలిసిన మరో రకం వచ్చింది. కానీ మనిషి చెవికి అందని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, అది తిరిగొచ్చేదాకా కాచుకునే ఆ ఓపిక మాత్రం అదే. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సీమలో చక్కెర జబ్బు లేని వీధి వెతకాల్సిన ఈ రోజుల్లో, ఆ శబ్దం చేసే పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పులివెందులలో ఒక స్కానింగు గది. అరటి గెలలు లారీకెక్కించి వచ్చిన రైతు బల్లమీద పడుకున్నాడు. షుగరొచ్చి చాన్నాళ్లయింది.

"గుండెలో నొప్పేం ల్యాదు సారూ, మెడకెందుకు ఇది?"

"నొప్పి తెలియదనే చేస్తాండాం పెద్దాయనా. తల ఆ పక్కకు తిప్పండి."

మెడమీద చల్లటి జెల్ రాసి, దానిమీద పరికరం ఆనించగానే తెరమీద నల్లటి దారి ఒకటి తెరుచుకుంది. నెత్తురు పారే దారి అది. దాని అడుగు గోడ వెంట రెండు తెల్లటి గీతలు, వాటి నడుమ సన్నటి నల్లటి సందు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ గోడ కాస్త ఉబికి మళ్లీ సర్దుకుంటోంది. డాక్టరు బొమ్మను నిలిపి, ఒక గీత అంచు నుంచి రెండో గీత అంచుదాకా కొలిచాడు. అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు. ఈ లెక్కల నడుమే ఉంది కథంతా.

ఆ రెండు గీతల నడుమ ఉన్నది ధమని లోపలి పొర, నడిమి పొర కలిసిన మందమని 1986లో మిలాన్ నగరంలో పిన్యోలి బృందం తేల్చింది. ధమని ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, శబ్దం చూపిన కొలతతో సరిపోల్చి చూశారు. రెండూ ఒక్కటే చెప్పాయి. మరి గుండె జబ్బుకు మెడ ధమనే ఎందుకు? గుండె చుట్టూ ఉన్న నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లవి. పక్కటెముకల చాటున, క్షణం ఆగకుండా కదులుతుంటాయి. మెడ ధమని వాటికంటే లావు, చర్మానికి దగ్గర, కుదురుగా ఉంటుంది. చక్కెర, కొవ్వు, రక్తపోటు, బీడీ పొగ అక్కడి గోడను ఎలా చెరుస్తాయో ఇక్కడి గోడనూ అలాగే చెరుస్తాయి.

షుగరున్నవాళ్లలో ఒక మోసం జరుగుతుంది. ఏళ్ల తరబడి చక్కెర నాడుల్ని తినేస్తే గుండెకు నెత్తురందకపోయినా నొప్పి తెలియకపోవచ్చు. గుండెపోటు వచ్చిపోయినా ఆయాసమనో, అలసటనో, చెమటనో అనుకుని ఊరుకున్నవాళ్లుంటారు. నొప్పి పలకని ఒంట్లో గోడ మందం పలకడం చిన్న సంగతి కాదు. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. అందులో మధుమేహం ఉన్నవారి సగటు మందం 0.95 మిల్లీమీటర్లు, లేనివారిది 0.74. తేడా గోరంచంత కూడా లేదు. శబ్దం దాన్ని సూది గుచ్చకుండా, కత్తి పెట్టకుండా పట్టుకుంది.

ప్రొద్దుటూరు బంగారు బజారులో నగను విరగ్గొట్టకుండా గీటురాయిమీద ఒక్క గీత గీసి మచ్చు చూస్తారు చూడండి, ఈ పరీక్షదీ అదే మర్యాద. అయితే ఆ ఒక్క కొలతతో గుండె జాతకం రాయలేం. 2013లో అమెరికా హృద్రోగ సంఘాలు మందాన్ని మామూలుగా అందరికీ కొలవొద్దన్నాయి. పక్కనున్న గోడకంటే పొడుచుకొచ్చిన కొవ్వు గడ్డ కనబడితే మాత్రం దానికి బరువెక్కువ. వయసు, రక్తపోటు, కొలెస్ట్రాలు పక్కన పెట్టుకుని చదివే డాక్టరు చేతిలోనే దీని గొప్ప. ఆ గడ్డను తెరమీద చూపించి "ఇదిగో పెద్దాయనా, చూడండి" అన్నప్పుడు, ఎన్ని చీటీలు రాసినా మాత్ర వేసుకోని మనిషి వేసుకోవడం మొదలుపెడతాడని నా నమ్మకం.

ఈ కొలత కథల్లో హైదరాబాదు దగ్గర 29 పల్లెలది నాకు మరీ ఇష్టం. 1987లో మొదలుపెట్టి, కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్న పిల్లలకూ అంగన్‌వాడీ ఉప్మా పెట్టారు, మిగతావాటికి ఆ పథకం ఇంకా రాలేదు. జాతీయ పోషకాహార సంస్థ ఆ పిల్లల్ని వదల్లేదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో చూస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు కాస్త పొడవు, వాళ్ల ధమనులు కాస్త మెత్తన, వాళ్ల ఒళ్లు ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటోంది. తర్వాత ఇరవై ఏళ్లకు అటూ ఇటూ వయసులో మెడ ధమనులకు అల్ట్రాసౌండు చేశారు. గోడ మందంలో ఆ మేలు కనబడలేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపని ఆ శబ్దాన్నీ, చూసింది చూసినట్టు అచ్చువేసిన పరిశోధకులనూ నేను సమానంగా మెచ్చుకుంటాను. ఆ పిల్లలిప్పుడు ముప్పై దాటినవాళ్లు. చేయగలిగింది ఇంకా చాలా మిగిలే ఉంది.