నాలుగు గళ్ళు, మూడు జవాబులు

"కోసినవాళ్ళనే ఏడిపిస్తుంది (4)". గళ్ళ నుడికట్టులో ఈ ఆధారం కనబడితే విజయవాడ పాఠకుడు తడుముకోకుండా 'ఉల్లిపాయ' అని నింపుతాడు. వరంగల్లు పాఠకుడు 'ఉల్లిగడ్డ' అని రాస్తాడు. తిరుత్తణిలోనో, మా పూండి చుట్టుపట్ల ఊళ్ళలోనో తెలుగింట పుట్టి పెరిగినవాడు 'ఎర్రగడ్డ' అంటాడు. ఉ-ల్లి-పా-య, ఉ-ల్లి-గ-డ్డ, ఎ-ర్ర-గ-డ్డ. మూడూ నాలుగేసి అక్షరాలే. మూడూ గళ్ళలో ఒదుగుతాయి, మూడూ కళ్ళు మండిస్తాయి. కాని తరువాతి సంచికలో అచ్చయ్యే జవాబు ఒక్కటే. తక్కిన ఇద్దరూ తప్పు రాసినట్టు లెక్క.

ఆటే కదా, దీనికింత చర్చ ఎందుకని అడగవచ్చు. రోజుకు నాలుగు తెలుగు పత్రికలు గుమ్మంలో పడే ఊళ్ళో ఉన్నవాడికి ఇది ఆటే. నెలకొక్క పత్రిక తపాలాలో వచ్చే ఇంట్లో కథ అవతలి పేజీలో ఉన్న గళ్ళు వట్టి ఆట కావు. పుట్టినప్పటి నుంచి వంటింట్లో వాడుతున్న మాట తప్పు అని అచ్చులో చూసుకోవడం ఆ ఇంటికి చిన్న విషయమూ కాదు. మా వీధిలో ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇది: "అయితే ఎర్రగడ్డ తెలుగు కాదా నాయనా?" ఆమెకు జవాబు చెప్పవలసింది నిఘంటువు కాదు, ఆధారం రాసినవాడు.

ఆధారం రాయడమంటే మోసం చెయ్యడమే. రాసేవాడికి జవాబు తెలుసు, దాన్ని దాస్తాడు. చదివేవాణ్ణి పక్కదారి పట్టించాలనే చూస్తాడు. బజారులో ఈ పని చేస్తే నేరం, గళ్ళలో చేస్తే చమత్కారం. తేడా ఎక్కడుంది? మోసపోవడానికి ఎదుటివాడు ముందే ఒప్పుకున్నాడనేది సగం జవాబే. పేకాటలో కూర్చున్నవాడు కూడా ఒప్పుకునే కూర్చుంటాడు. అంతమాత్రాన ముక్కలు మార్చడం న్యాయం కాదు గదా. నాకు తోచిన తేడా ఒకటుంది. జవాబు తెలిశాక పాఠకుడు "అరె, కళ్ళ ముందే ఉంది, నాకే కనబడలేదు" అనుకోవాలి. "ఇది నాకెలా తెలుస్తుంది?" అన్నాడంటే దోషం రాసినవాడిది.

ఈ తగవు కొత్తది కాదు. మనకు దగ్గరలోని కంచిలో పల్లవుల కాలంలో ఉన్నవాడని చెప్పే దండి, కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికల సంగతి ఎత్తుకున్నాడు. అవి ఎందుకు పనికివస్తాయో కూడా దాపరికం లేకుండా చెప్పాడు. వినోదగోష్ఠులకు, నలుగురిలో రహస్యం మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ణి తికమకపెట్టడానికి. పూర్వాచార్యులు మంచి ప్రహేళికలు పదహారన్నారనీ, చెడ్డవి పద్నాలుగు చూపారనీ చెప్పి, దోషాలు లెక్కకు అందనివి కనుక తాను మంచివాటినే వివరిస్తానన్నాడు. పదమూడు వందల ఏళ్ళ నాడే పొడుపులో మంచీ చెడూ ఉన్నాయన్నమాట.

గళ్ళు మాత్రం మనవి కావు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసిన పజిలు నుంచి ఆ వరస మొదలైంది. ఇంగ్లండు చేరాక అందులోకి శ్లేష, అక్షరాల తారుమారు, దొంగదారులు వచ్చాయి. అక్కడి అబ్జర్వర్ పత్రికకు పజిళ్ళు కూర్చినవాళ్ళు పెట్టుకున్న మారుపేర్లు చూడండి: టార్కెమాడా, జిమెనెజ్. ఇద్దరూ స్పెయిన్‌లో మతవిచారణ నడిపిన పెద్దలు, జనాన్ని హింసించినవాళ్ళుగా పేరుపడ్డవాళ్ళు. పాఠకుణ్ణి పీడించేవాడిగా తనను తాను నవ్వుతూ ఒప్పుకోవడమిది. అయితే ఆ జిమెనెజ్ పేరుతో రాసిన మాక్‌నట్ అనే పంతులే 1966లో పుస్తకం రాసి కట్టుబాట్లు పెట్టాడు. ఆధారంలో జవాబుకు అర్థం ఉండాలి, జవాబును కట్టుకునే దారి ఉండాలి, ఈ రెండూ కానిది ఒక్క మాట కూడా ఉండకూడదు. పీడించేవాడు తన చేతులు తానే కట్టేసుకున్నాడు. ఆ కట్టు లేని చమత్కారం దబాయింపుగా మారుతుందని నా అభిప్రాయం.

తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలూ, ఆరుద్ర గళ్ళ నుడికట్లూ కూర్చారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి మద్రాసులో బతికినవాళ్ళే అన్న సంగతి మనవాళ్ళకు గుర్తుచెయ్యాలి. అంత పెద్ద కవులు ఈ పనిని చిన్నచూపు చూడలేదు.

అదే కాలంలో ఇంకో రకం గళ్ళు కూడా నడిచాయి. ప్రవేశరుసుం కట్టి నింపి పంపే బహుమతి పోటీలు. వాటిలో ఒక ఆధారానికి రెండు మూడు మాటలు సమానంగా అతికేవి. ఏది ఒప్పో నిర్వాహకులు ముందే నిర్ణయించుకున్న జవాబును బట్టి ఉండేది. మన ఉల్లిపాయ కథే, కాకపోతే డబ్బుతో. 1955లో కేంద్రం బహుమతి పోటీల చట్టం తెచ్చి, నెలకు మొత్తం బహుమతి వెయ్యి రూపాయలకు మించకూడదనీ, ఒక పోటీకి రెండు వేల ఎంట్రీలకు మించి తీసుకోకూడదనీ గిరి గీసింది. ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా వాళ్ళు కోర్టుకెక్కారు. 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు అటువంటి పోటీ జూదం కిందికే వస్తుందని తేల్చింది. నైపుణ్యం మీద గణనీయంగా ఆధారపడే పోటీలకు ఈ చట్టం వర్తించదని కూడా అదే రోజు చెప్పింది. ఇందులో మన పనికొచ్చే మాట ఒకటుంది. జవాబు చేరడానికి ఆధారంలో దారి ఉంటే అది విద్య. రాసినవాడి మనసులో ఏముందో ఊహించవలసి వస్తే అది జూదం. డబ్బు లేకపోయినా జూదమే, పందెంలో పెట్టేది పరువు.

ఇక విశేషాల సంగతి. ఇప్పుడు ఆధారాల నిండా విశేషాలే. "ఫలానా సినిమాలో హీరోయిన్ చెల్లెలి పేరు (3)". "ఫలానా ఏడు ఫలానా అవార్డు పొందిన గాయని (4)". తెలిస్తే అరక్షణంలో పూర్తి, తెలియకపోతే గంట కూర్చున్నా రాదు. ఇందులో పాఠకుడి తెలుగుతో పనిలేదు. అతను ఏ ఊళ్ళో ఉన్నాడు, ఏ టీవీ చూశాడు అన్నదే ప్రశ్న. హైదరాబాదు వీధుల పేర్లూ, అక్కడి నాయకుల ముద్దుపేర్లూ తెలియని తిరువళ్ళూరు తెలుగువాడు ఇటువంటి పజిలు ముందు పరాయివాడు. చేతిలో ఫోను ఉన్నవాడు వెతికి రాస్తాడు, నిజమే. అప్పుడది మరీ అన్యాయం. అటు జ్ఞాపకానికీ పరీక్ష కాదు, ఇటు బుద్ధికీ కాదు.

అలాగని విశేషాలను వెలివెయ్యమనడం లేదు. ఇదొకటి చూడండి. "కండ ఉంది, మనుషులే లేరు, అయినా పూండికి నీళ్ళు మోస్తుంది (4)". జవాబు కండలేరు. నెల్లూరు జిల్లాలోని ఆ జలాశయం నుంచి తెలుగుగంగ కాలువ మీదుగా కృష్ణ నీళ్ళు 1996లో మొదటిసారి పూండి చేరాయి. ఆ పేరు ఎన్నడూ వినని పిల్లవాడు కూడా 'కండ'నూ 'లేరు'నూ పక్కపక్కన పెడితే జవాబు కట్టుకోగలడు. కట్టుకున్నాక, మన చెరువు నీళ్ళు ఎక్కడివో తెలుసుకుంటాడు. తెలిసినవాడికి దగ్గరదారి, తెలియనివాడికి చుట్టుదారి, కాని ఇద్దరికీ దారి ఉంది. ఇంకొకటి: "బండి ముందు భాగంలో బూర మోగితే సత్యమూర్తి సాగరం దగ్గర దిగుతాం (2)". బండిలో 'బం' స్థానంలో 'పూం' అని ఊదండి, పూండి వస్తుంది. 1944లో కట్టడం పూర్తయిన ఆనకట్టకు మద్రాసు మేయరుగా చేసిన సత్యమూర్తి పేరు పెట్టారన్నది కొసరు.

విశేషానికి ఇంకో బాధ్యత కూడా ఉంది, అది నిజం కావాలి. "తమిళనాడులో పుట్టిన తెలుగు రాష్ట్రపతి" అని రాధాకృష్ణన్‌కు ఆధారం రాస్తే ఎవరూ అడ్డు చెప్పరు. కాని 1888లో తమిళనాడు లేదు. పోనీ "చిత్తూరు జిల్లాలో పుట్టిన" అందామా? ఆ జిల్లా ఏర్పడిందే 1911లో. ఆయన పుట్టేనాటికి తిరుత్తణి ఉత్తరార్కాటులో ఉంది, తరువాత చిత్తూరు జిల్లాలో ఉంది, 1960లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఊరు కదలలేదు, పై పేర్లే మారాయి. "మురుగన్ కొండ ఉన్న ఊళ్ళో పుట్టిన రాష్ట్రపతి" అంటే ఏ ఏటికైనా నిజమే. పొట్టి ఆధారంలో చరిత్ర అంతా పట్టదు గాని, ఒక పక్షం వాదన మాత్రం ఇట్టే పడుతుంది. అక్కడే జాగ్రత్త కావాలి.

మళ్ళీ ఎర్రగడ్డ దగ్గరికి వద్దాం. అది హైదరాబాదులో ఒక పేట పేరు, అక్కడ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెప్పి ఎదుటివాణ్ణి ఎగతాళి చేసే నానుడి సినిమాల్లో, మాటల్లో బాగా నలిగింది. కనుక ఆధారం రాసేవాడికి చేతికందే హాస్యం ఒకటుంది: "అక్కడ పిచ్చి, ఇక్కడ పచ్చడి". ప్రాస కుదిరింది, నవ్వూ వస్తుంది. నేనైతే రాయను. ఆ గళ్ళు నింపే ఇంట్లో ఆ ఆసుపత్రికి తిరిగి తిరిగి అలసిన తల్లి ఉండవచ్చు. ఆమె ఆటకు ఒప్పుకుంది గాని ఈ దెబ్బకు ఒప్పుకోలేదు. తికమక పెట్టడానికి మనకున్న అనుమతి నొప్పించడానికి చెల్లదు. ఆ పేటలో 2017 నుంచి మెట్రో రైలు ఆగుతోంది. "హైదరాబాదులో మెట్రో ఆగే చోటు, మన వంటింట్లో కన్నీళ్ళు ఆగని చోటు (4)" అంటే సరిపోతుంది. అక్కడివాడికి సగం, ఇక్కడివాడికి సగం తెలుసు. చమత్కారం తగ్గిందనేవాళ్ళుంటారు, తగ్గనివ్వండి.

మన గళ్ళకు ఒక అదృష్టం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఇంగ్లీషులో గడికి ఒక లెటరు, మనకు గడికి ఒక అక్షరం, అంటే నోటితో పలికే ఒక ముక్క. "స్ట్రెస్డ్" తిరగేస్తే "డెజర్ట్స్" వస్తుందంటే చెవికి అందదు, స్పెల్లింగు కావాలి. "కలపను తిరగేస్తే బడికి పోతుంది (3)" అని పైకి చదివి వినిపిస్తే, చదువు రాని అవ్వ కూడా క-ల-ప, ప-ల-క అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేస్తుంది. "ఎటునుంచి చదివినా తెనాలివాడే (5)" అంటే వికటకవి అని చెప్పడానికి లిపి అక్కరలేదు. 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేసింది. మన ఇళ్ళలో తెలుగు చెవికి తెలిసి కంటికి తెలియని పిల్లలు ఎందరో ఉన్నారు. పెద్దవాళ్ళు చదువుతూ, పిల్లలు చెబుతూ నింపగల ఆధారాలు ఉండాలి. విశేషాలతో కిక్కిరిసిన ఆధారం పిల్లవాణ్ణి ఫోను దగ్గరికి పంపుతుంది, పలక లాంటి ఆధారం అవ్వ దగ్గర కూర్చోబెడుతుంది.

ఇంతవరకు మనం అడిగేవాళ్ళం. ఇప్పుడు మన వంతు. "తమిళంలో ఏరు, తెలుగులో అయిదును దాటి వచ్చేది (2)". జవాబు ఆరు. రెండు భాషల మధ్య బతికే మనకు ఇది అరచేతిలో ఉసిరికాయ. గుంటూరు పాఠకుడికి మొదటి సగం చీకటి. హైదరాబాదు పేర్లు అడిగి మనల్ని వెలివేస్తున్నారని ఇప్పుడే గదా అన్నాం, మరి ఇదేమిటి? నా సమాధానం: రెండో సగం అతనికీ తెలుగులో తెరిచే ఉంది, దానితోనే జవాబు దొరుకుతుంది. మొదటి సగం మనకు పెట్టిన పెరుగన్నం. అతను కూడా రుచి చూసి పోవచ్చు. రెండో సగం కూడా తమిళంలోనే పెడితే మాత్రం అప్పుడు తలుపు వేసినట్టే, ఆ పని మన పత్రికలో అయినా కూడదు.

ఎనుము, గేదె, బర్రె విషయం మిగిలింది. గేదె, బర్రె రెండేసి అక్షరాలు, ఎనుముకు మూడు. "పాలిచ్చే నల్లది (2)" అని రాస్తే మనవాడి మాటకు గళ్ళే చాలవు, (3) అని రాస్తే వాళ్ళిద్దరికీ ఒక గడి మిగిలిపోతుంది. అంకె వేసేటప్పుడే ఎవరి పశువును కట్టేశామో తేలిపోతుంది. నిలువు ఆధారాలు తేలికగా పెట్టి అడ్డంగా వచ్చే మాటను తేల్చవచ్చు, లేదా జవాబుల పేజీలో మూడు మాటలూ అచ్చువెయ్యవచ్చు. మొదటిది కష్టం, రెండోదానికి అరంగుళం చోటు కావాలి. ఉల్లిపాయ సంచిక జవాబుల కింద ఆ చోటు ఖాళీగానే ఉంది.