గ్రహణ వేళ కెమెరా ముందా, నమాజు ముందా?



2019 డిసెంబరు 26 ఉదయం కోయంబత్తూరులో వలయంలా కనిపించిన సూర్యగ్రహణం మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల్లో పాక్షికంగా కనిపించింది. ఇలాంటి వేళ మన ఇళ్ళలోనూ కొందరు ‘గ్రహణంమొర్రి’ భయంతో గర్భిణిని గదిలో ఉంచి తలుపులు మూస్తారు. మరికొందరు సెల్‌ఫోన్ పట్టుకొని మేడ ఎక్కుతారు. మొదటిది మూఢభయం, రెండోది వట్టి వినోదం. ఇస్లాం మార్గం ఈ రెంటికీ భిన్నమైనది.

దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం (ర) మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే ఇలా జరిగిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా దైవప్రవక్త (స) ఆ అపోహను నిలవనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుపుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదని, దాన్ని చూసినప్పుడు నమాజు, దుఆ, దానధర్మాల వైపు మరలాలని బోధించారు (బుఖారీ, ముస్లిం).

మరి ఫోటో తీయవచ్చా? ప్రాణుల చిత్రాల గురించి పండితుల్లో చర్చ ఉంది. కాని సూర్యుడు ప్రాణి కాడు. పైగా సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం సాగుతున్నాయని ఖుర్‌ఆన్ తెలుపుతోంది (55:5). ఆ లెక్క తెలియడం వల్లనే 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రజ్ఞులు ముందుగానే గుంటూరు చేరుకున్నారు. అక్కడ టెన్నెంట్ బృందం ఫోటోలు తీసింది. సూర్యుని అంచున ఎగసే జ్వాలల్లో హైడ్రోజన్ వాయువు ఉందని జాన్సెన్ గుర్తించాడు. సృష్టి రహస్యం తెలిసేకొద్దీ సృష్టికర్త ముందు తల మరింత వంగాలి. ఫోటో దక్కి సజ్దా తప్పిపోతే మనం నష్టపోయినట్లే!

2019లో ఇక్కడ గ్రహణం సుమారు మూడు గంటలు సాగింది. ముందు మస్జిదుకు వెళ్ళి అజాన్, ఇఖామత్‌లు లేని రెండు రకాతుల నమాజులో పాల్గొనడానికి, ఆ తర్వాత పరిశీలనకు కూడా అది చాలిన సమయమే.

కళ్ళు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. కంటిలోని రెటీనా కాలినా నొప్పి తెలియదు. ఎక్స్‌రే ఫిల్మ్, పళ్ళెంలో పసుపు నీళ్ళు, కొల్లేటి నీటిలో ప్రతిబింబం, ఇవేవీ రక్షణ కావు. కంటికీ, కెమెరాకూ తగిన సౌర ఫిల్టరు ఉండాలి. అది లేకపోతే చెట్టు నీడలో చూడండి. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు నేలమీద వందల నెలవంకలై కనిపిస్తుంది. పిల్లలతో ఆ ఫోటో తీయించండి.

2027 ఆగస్టు 2నాటి సంపూర్ణ సూర్యగ్రహణ మార్గంలో పవిత్ర మక్కా నగరం కూడా ఉంది. సూచనను చూసి, సూచన పంపినవాణ్ణి స్మరించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.