బంతి లేచిన తర్వాత

ఉగాది, సంక్రాంతి, దీపావళి... కాలిఫోర్నియా బే ఏరియాలో తెలుగువాళ్ళ ఏ పండుగ సభకు వెళ్ళినా పిల్లల నృత్యాల గురించి పదిమంది మాట్లాడతారు, వంటల గురించి వందమంది మాట్లాడతారు. భోజనాలయి బంతి లేచాక హాలు వెనక ఏం జరుగుతోందో ఎవరూ పట్టించుకోరు. అక్కడ నల్ల సంచులు గుట్టగా పడి ఉంటాయి. ఒక్క సంచి మూతి విప్పి చూస్తే చాలు. సగం కొరికి వదిలేసిన బొబ్బట్టు, చెయ్యి పెట్టని పులిహోర, సాంబారు కారుతున్న ప్లేటు, రెండు గుక్కలు తాగి మూత బిగించిన నీళ్ళ సీసా, కాగితపు తొడుగు కూడా తీయని ప్లాస్టిక్ చెంచా. ఎరువు కావలసింది, మళ్ళీ సీసా కావలసింది, ఇంకొకరి కడుపు నింపవలసింది అన్నీ ఒకే సంచిలో కలిసి చెత్త పూడ్చే చోటికి బయల్దేరతాయి.

మన సంఘాలకు పర్యావరణం మీద శ్రద్ధ లేదని నేను అనడం లేదు. ఏటా ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం చేస్తున్నాం, పిల్లల చేత బొమ్మలు గీయిస్తున్నాం. 1985లో టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో మొదలైన రహదారి దత్తత పథకంలో చేరి రోడ్డు పక్కన చెత్త ఏరుతున్న తెలుగువాళ్ళు చాలా రాష్ట్రాల్లో ఉన్నారు. ఇవన్నీ మంచి పనులే. అయితే ఒక తెలుగు సంఘం ఏడాది పొడుగునా చేసే పనుల్లో నేలకూ గాలికీ ఎక్కువగా తగిలేది భోజనాల ఏర్పాటు. అందుకే దాన్ని మన మొదటి పర్యావరణ కార్యక్రమంగా లెక్కపెట్టుకోవాలని నా పట్టుదల.

కారణం చెబుతాను. అమెరికాలో చెత్తను పూడ్చే చోట్లకు చేరే సరుకులో అన్నిటికంటే ఎక్కువ పాలు ఆహారానిదే. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018 లెక్కల ప్రకారం అది దాదాపు 24 శాతం. గాలి తగలకుండా మట్టి కింద కుళ్ళిన అన్నం మీథేన్ వాయువును వదులుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా 27 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాలిఫోర్నియా ప్రభుత్వం 2016లో ఎస్‌బీ 1383 చట్టం చేసి, 2022 జనవరి 1 నుంచి ఇళ్ళ దగ్గరా వ్యాపారాల దగ్గరా తిండి వ్యర్థాలను మిగతా చెత్తలో కలవనీయకుండా చూసే బాధ్యతను ఊళ్ళ మీద పెట్టడం ఇందుకే. పచ్చ డబ్బాలో వేసే తిండి వ్యర్థాల కోసం మన వంటింట్లోకి చిన్న బుట్ట వచ్చి చేరింది ఆ చట్టం వల్లే. ఇంట్లో అంత జాగ్రత్తగా అరటి తొక్క వేరు చేసే మనమే, అయిదు వందల మందికి వడ్డించిన రోజున అన్నీ ఒకే సంచిలో పోస్తున్నాం.

మన ఊళ్ళలో ఒకప్పుడు ఈ సమస్యే లేదు. అడ్డాకులో మోదుగాకులో కుట్టిన విస్తరి, లేదా అరిటాకు. తిన్నాక ఆకు మడిచి లేచేవాళ్ళం. ఎంగిలాకులు పశువుల ముందుకో పెంటకుప్ప మీదికో వెళ్ళేవి, పెంటకుప్ప పొలానికి వెళ్ళేది. ఆ పద్ధతి చెడింది ఇక్కడికి వచ్చాక మాత్రమే కాదు, అక్కడా చెడింది. థర్మోకోల్ ప్లేట్లు పెళ్ళి పందిళ్ళలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. దాన్ని సరిదిద్దుకునే ప్రయత్నం కూడా అక్కడే జరిగింది. సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టారు. పళ్ళాలు, గ్లాసులు, గిన్నెలు ఒక చోట ఉంచి, ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్ళకు అద్దెకిచ్చి, కడిగి తిరిగి తీసుకుంటారు. ఇక్కడ మనకు దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. చాలా గురుద్వారాల్లో లంగరు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, స్టీలు పళ్ళాల్లోనే నడుస్తుంది. వచ్చినవాళ్ళే వడ్డిస్తారు, వచ్చినవాళ్ళే తోముతారు. అది వాళ్ళకు సేవ. వాలంటీర్ల కొరత ఉందని మనం అంటాం కానీ, పళ్ళాలు కడిగే పనిని గౌరవంగా చూసే అలవాటు కొరవడిందని నాకు అనిపిస్తుంది.

వంటగది ఉన్న హాలు దొరికితే, నూటయాభై మంది లోపు వచ్చే సభ అయితే స్టీలు పళ్ళాలు కచ్చితంగా సాధ్యమే. పెద్ద సభలకు ఆకుతో గానీ చెరకు పిప్పితో గానీ చేసిన ప్లేట్లు వాడుకోవచ్చు. చెరకు పిప్పి ప్లేట్లకు నూనె, నీరు అంటకుండా ఒకప్పుడు పీఫాస్ రసాయనాలు కలిపేవారు. అవి ఎన్నేళ్ళయినా మట్టిలో నశించవు. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి పీచుతో చేసిన ఆహారపాత్రల్లో వాటిని నిషేధించారు. అలాంటి నిషేధం లేని రాష్ట్రాల వాళ్ళు మాత్రం కొనేముందు ప్యాకెట్ మీద చదవాలి. ఇక మొక్కజొన్న పిండితో చేశామని చెప్పే చెంచాలను నమ్ముకోకండి. పెరట్లో ఎరువుగుంటలో వేస్తే అవి ఏళ్ళు గడిచినా అలాగే ఉంటాయి. వాటికి కర్మాగారంలో ఉండేంత వేడి కావాలి. ఆ సౌకర్యం ఉన్న చోట కూడా చాలామంది వాటిని ఏరి పారేస్తారు. చేత్తో తినే మనుషులం, పెరుగన్నానికి చెంచా ఎందుకు?

డబ్బాలు పెట్టడంతో పని అయిపోదు. తిండి వ్యర్థాలకు పచ్చ, సీసాలకు నీలం, మిగతా చెత్తకు నల్ల డబ్బాలు మూడూ వరసగా పెట్టి, బొమ్మలు అతికించి, వదిలేసిన సభల్లో గంటలోపే మూడూ ఒకే రకంగా నిండుతాయి. చేతిలో ప్లేటు, చంకలో బిడ్డ ఉన్న మనిషి బొమ్మలు చదవడు. మనిషిని నిలబెడితేనే పని జరుగుతుంది. నేను చూసిన ఒక ఉగాది సభలో ఆ పని హైస్కూల్ పిల్లలకు అప్పగించారు. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి డబ్బాల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పెద్దమనిషినీ ఆపి, “అంకుల్, చెంచా ఇటు, ప్లేటు అటు” అని చెబుతోంది. ఒకాయన పళ్ళెంలో నాలుగు గారెలు అలాగే ఉన్నాయి. ఆ పిల్ల వాటి వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆయన పక్కకు వెళ్ళి రెండు తిని, మిగిలినవి కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకుని మళ్ళీ వచ్చారు. వేదిక మీద ఎవరు ఎంతసేపు ప్రసంగించినా ఆ పని జరిగేది కాదు.

మిగిలిన వంటల సంగతి ఇంకా ముఖ్యం. ట్రేలకు ట్రేలు పులిహోర, బూరెలు మిగులుతాయి. “ఎవరికైనా ఇస్తే, వాళ్ళకు ఏమైనా అయితే, కేసు వేస్తే?” అన్న భయంతో పారేస్తున్నాం. ఆ భయానికి ఆధారం లేదు. 1996లో బిల్ ఎమర్సన్ పేరుతో వచ్చిన కేంద్ర చట్టం, మంచి మనసుతో, తీవ్రమైన నిర్లక్ష్యం లేకుండా, సేవాసంస్థలకు ఆహారం ఇచ్చినవాళ్ళకు రక్షణ కల్పిస్తోంది. ఎస్‌బీ 1383 చట్టం కూడా చెత్తలోకి పోతున్న తినదగిన ఆహారంలో కనీసం 20 శాతాన్ని 2025 కల్లా మనుషుల దగ్గరకే చేర్చాలని లక్ష్యం పెట్టింది. అయితే దానికి మన వైపు క్రమశిక్షణ కావాలి. వేడి పదార్థం 135 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గకుండా, చల్లని పదార్థం 41 డిగ్రీలు దాటకుండా ఉంచాలి. బల్ల మీద మూడు గంటలు మూత లేకుండా ఉన్న పెరుగన్నం ఎవరికీ ఇవ్వకూడదు. ఏ పదార్థంలో జీడిపప్పు ఉందో, దేన్లో పాలు ఉన్నాయో చీటీ రాసి అంటించాలి. అన్నిటికంటే ముందు ఆ సంస్థకు వారం ముందే ఫోన్ చేసి, ఆదివారం రాత్రి తీసుకుంటారో లేదో కనుక్కోవాలి. ఇంత చేస్తే మన పులిహోర కొత్తవాళ్ళ నోటికి చేరుతుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పిల్లలకు చెప్పేవాళ్ళం ఈ పని మానకూడదు.

మన సభల సంగతి అలా ఉంచి, మనం ఉంటున్న ఊరు చేసే పనుల్లోకి కూడా వెళ్ళాలి. సెప్టెంబరు మూడో శనివారం కాలిఫోర్నియా అంతటా సముద్రతీరాలు, వాగులు, కాలవగట్లు శుభ్రం చేస్తారు. అక్కడ ఏరిన ప్రతి వస్తువునూ రకాల వారీగా లెక్క రాస్తారు. ప్లాస్టిక్ సంచుల మీదా నురుగు డబ్బాల మీదా చట్టాలు చేయమని అడిగినవాళ్ళ చేతిలో బలమైన సాక్ష్యం ఆ లెక్కలే. మన సంఘం బ్యానరు కట్టుకుని విడిగా ఒక రోజు చేసేకన్నా ఆ రోజు ఊరివాళ్ళతో కలిసి నడవడం మేలు.

నాకు అంతకన్నా ఇష్టమైనది రిపేర్ కేఫ్. మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2012లో పాలో ఆల్టోకు వచ్చింది. పాడైన వస్తువు పట్టుకెళితే పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని బాగుచేస్తారు, డబ్బు తీసుకోరు. ఇలాంటి ఒక చోట మన మిక్సీని చూశాను. జార్‌కు కింద పట్టు ఇచ్చే ప్లాస్టిక్ కప్లర్ పళ్ళు అరిగిపోయి, మోటారు తిరుగుతోంది గానీ బ్లేడు తిరగడం లేదు. అక్కడి స్థానికులకు ఆ యంత్రం కొత్త. పిల్లల దగ్గరకు వచ్చి ఉన్న ఒక పెద్దాయన లేచారు, ఊళ్ళో మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. మిక్సీని తలకిందులు చేసి, కిందినుంచి ఇరుసును స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని, కప్లర్‌ను చేత్తో ఎదురు దిశలో తిప్పి ఊడదీశారు. కొత్తది వేయడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. చుట్టూ చేరినవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పలేకపోయారు, చేసి చూపించారు. ఆరు నెలలు ఇక్కడ ఉండి, కాలక్షేపం లేక కిటికీ దగ్గర కూర్చునే అమ్మానాన్నలు మన ఇళ్ళలో ఎంతమంది! కుట్టుపని తెలిసిన అత్తయ్యలు, గ్రైండరు బెల్టు మార్చగల మామయ్యలు ఉన్నారు. వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళండి. ఊరికీ మంచిది, వాళ్ళకూ మంచిది.

మళ్ళీ పండుగల విషయానికి వస్తే, వినాయక చవితి ముందు చాలా చోట్ల పిల్లలతో మట్టి గణపతులు చేయిస్తున్నారు. సంతోషం. ఒక్క జాగ్రత్త: బొమ్మల దుకాణంలో దొరికే, గాలికి ఆరే మెత్తటి ముద్దల్లో కొన్ని అసలు మట్టే కాదు, నీళ్ళలో కరగవు. కుండలు చేసేవాళ్ళకు సరుకు అమ్మే దుకాణంలో ఇరవై అయిదు పౌన్ల సంచుల్లో అసలైన మట్టి దొరుకుతుంది. ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేసి, ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోయవచ్చు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఇక్కడ సులువుగా దొరకవు. పెరట్లో బంతి, జీనియా వేసుకున్న కుటుంబాలు దుకాణం గుత్తులకూ ప్లాస్టిక్ పూలకూ ఎగబడవలసిన అవసరం లేదు. ఆట అయ్యాక దారాలు, పిన్నులు తీసి పూలను పచ్చ డబ్బాలో వేస్తే సరిపోతుంది.

మొక్కల పంపకాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. తెలుగువాళ్ళు కలిసిన చోటల్లా కరివేపాకు పిలకలు చేతులు మారతాయి. అది ప్రేమతో చేసే పనే. కానీ కరివేప నిమ్మజాతి కుటుంబానికి చెందిన మొక్క. ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే, పేనుబంకంత చిన్న పురుగుకు దాని లేత చిగుళ్ళంటే చాలా ఇష్టం. ఆ పురుగు నిమ్మ, నారింజ చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఆ తెగులుకు మందు లేదు, చెట్టు చచ్చిపోతుంది. ఫ్లోరిడాలో 2005లో దాన్ని కనిపెట్టారు. అప్పటినుంచి ఇప్పటికి అక్కడి నారింజ దిగుబడి 90 శాతానికి పైగా పడిపోయింది. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, తెగులు 2012లో కనిపించాయి. లాస్ ఏంజెలెస్ చుట్టాల ఇంటి నుంచి కారు డిక్కీలో తెచ్చిన ఒక కుండీ చాలు, సెంట్రల్ వ్యాలీలో రైతుల తోటలకు ముప్పు తెస్తుంది. ఇండియా నుంచి పెట్టెలో కరివేపాకు తేవడం ఎలాగూ నిషేధమే. రాష్ట్రంలో కూడా క్వారంటైన్ ప్రాంతాల నుంచి మొక్కనూ ఆకునూ బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలు ఉన్నాయి. మొక్క కావాలంటే మీ ఊరి నర్సరీలో తనిఖీ అయిన దాన్ని కొనండి. చిగుళ్ళు ముడుచుకుని తెల్లని మైనపు పోగులు కనిపిస్తే కౌంటీ వ్యవసాయ కమిషనర్ కార్యాలయానికి చెప్పండి. పంపకాల్లో బెండ, గోంగూర, చిక్కుడు విత్తనాలు పంచుకోండి.

చెట్లు నాటే కార్యక్రమాల్లోనూ ఒక జాగ్రత్త కావాలి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో సైకిల్ మీద గింజలు వేసుకుని తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారని పేరు పొందిన వనజీవి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2025లో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పి మొక్క నాటేవాళ్ళు, ఆ మొక్కకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు ఎవరు పోస్తారో కూడా అదే రోజు నిర్ణయించాలి.

ఈ సంచిక చదువుతున్న కార్యవర్గ సభ్యులకు నా విన్నపం. వచ్చే సభకు వేదిక, వంట, సౌండ్ సిస్టంలకు బాధ్యులను వేసేటప్పుడు డబ్బాలకు ఒకరినీ, మిగులు వంటలకు ఒకరినీ వేయండి. వాళ్ళ పేర్లు కార్యక్రమ పత్రంలో అచ్చు వేయండి. నీళ్ళ సీసాల పెట్టెలు కొనకుండా, ఇంటి నుంచి సీసా తెచ్చుకోమని ఆహ్వానంలోనే రాయండి. సభ అయ్యాక ఎన్ని సంచుల చెత్త అయిందో, ఎంతమందికి అన్నం చేరిందో జమాఖర్చుల పక్కనే చదివి వినిపించండి.