పదకొండు మంది

మా నాన్నగారికి తెనాలిలో చిన్న బట్టల కొట్టు ఉండేది. గల్లాపెట్టె వెనక గోడ మీద, వేంకటేశ్వరస్వామి పటానికి కాస్త కిందగా, ఎర్ర రంగుతో రాయించిన బోర్డొకటి: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". నేను తెలుగు చదవడం నేర్చుకున్నది వాచకంలో కంటే ఆ బోర్డు మీదే ఎక్కువనుకుంటాను. ఆ "తీసుకోబడదు"లో ఉన్న సుఖం మాత్రం చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది. తీసుకోనిది ఎవరో చెప్పక్కర్లేదు.

1989లో అనుకుంటా, ఒకరోజు పక్క పల్లె నుంచి ఒకావిడ చీర పట్టుకొచ్చింది. మొదటి ఉతుక్కే అంచు రంగు దిగి చీరంతా పాకింది. కూతురికి సారెలో పెట్టాలని కొన్న చీర. నాన్నగారు మాట్లాడకుండా బోర్డు వైపు చెయ్యి చూపించారు. ఆవిడకి చదువు రాదు. "ఏం రాసుంది బాబూ?" అని నన్నడిగింది. నేను ఒక్క అక్షరం తప్పు పోకుండా గట్టిగా చదివి వినిపించాను. ఆవిడ చీర మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. పది నిమిషాలు గడిచాక నాన్నగారు గల్లా తెరిచి డబ్బు నా చేతిలో పెట్టి, "బస్టాండుకి పరిగెత్తరా, బస్సు వెళ్ళిపోతుంది" అన్నారు. బస్సు ఇంకా కదల్లేదు. బోర్డు మాత్రం మేం కొట్టు మూసేదాకా అక్కడే ఉంది.

ఈ సంగతిని చాలాకాలం నాన్నగారి మంచితనానికి సాక్ష్యంగా నలుగురికీ చెప్పుకునేవాణ్ణి. ఆస్ట్రేలియా వచ్చాక అదే కథ వేరేగా కనబడసాగింది. ఇక్కడ అలాంటి బోర్డు పెట్టడమే చట్టవిరుద్ధం. మనసు మారిందని తిరిగి ఇచ్చేస్తానంటే కొట్టువాడు ఒప్పుకోనక్కర్లేదు గానీ, లోపమున్న సరుకుని "వాపసు లేదు" అని తోసేయడం కుదరదు. 1974 నాటి ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం తరవాత, 2011 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకటే వినియోగదారుల చట్టం అమల్లోకి వచ్చింది. మన దేశంలోనూ 1986లోనే చట్టం వచ్చింది. అంటే ఆ చీర నాటికే ఉంది. ఆవిడకీ తెలియదు, మాకూ తెలియదు. ఆవిడకి డబ్బు దక్కింది ఆ పూట నాన్నగారి మనసు కరగబట్టి. కరగకపోయి ఉంటే?

ఇక్కడ లా చదివే పిల్లలందరికీ తెలిసిన లోదుస్తుల కేసొకటుంది. నవ్వకండి. 1931లో అడిలైడ్‌లో గ్రాంట్ అనే డాక్టరుగారు ఒక పేరున్న కొట్లో ఊలు లోదుస్తులు కొన్నారు. తొడుక్కున్న రోజు సాయంత్రానికే చీలమండల దగ్గర దురద మొదలైంది. అది చర్మవ్యాధిగా ముదిరి ఆయన్ని వారాల తరబడి మంచాన పడేసింది. ఒక దశలో ప్రాణం మీదకే వచ్చింది. ఊలు ముడుచుకుపోకుండా మిల్లులో రసాయనాలతో శుద్ధి చేస్తారు. చివర్లో కడిగినప్పుడు పోవలసిన సల్ఫైట్లు ఆ జతలో మిగిలిపోయాయని తేలింది. మిల్లువాళ్ళ జవాబు గట్టిదే: ఆరేళ్ళలో ఇదే పద్ధతిలో 47,37,600 బట్టలు తయారుచేశాం, ఇలాంటి ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు. రాష్ట్ర సుప్రీం కోర్టు డాక్టరు పక్షాన తీర్పిచ్చింది. దేశానికంతటికీ పెద్దదైన హైకోర్టు (ఇక్కడ పేర్లు మనకి తిరగేసి ఉంటాయి) దాన్ని కొట్టేసింది. 1935లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ మళ్ళీ డాక్టర్నే గెలిపించింది. పద్ధతి ఎంత మంచిదైనా, ఆ జతలో రసాయనం మిగిలిందంటే ఎక్కడో ఎవరో తప్పు చేసినట్టే, ఆ ఎవరో ఎవరన్నది డాక్టరు పట్టి చూపించనక్కర్లేదు అంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మొదటిసారి ఈ కేసు చదివినప్పుడు నా సానుభూతంతా మిల్లు వైపే. నలభై ఏడు లక్షల్లో ఒకటి! మా వృత్తిలో అంత తక్కువ లోపాలతో ఏదైనా విడుదల చేస్తే సన్మానం చేసి శాలువా కప్పుతారు. లోపాలన్నీ పోయేదాకా ఆగుదామంటే లోకంలో ఒక్క ప్రోగ్రామూ బయటికి రాదు, ఒక్క కరెంటు బిల్లూ అచ్చు కాదు.

కరెంటు బిల్లు ఊరికే అనలేదు. కొన్నేళ్ళ కిందట మెల్బోర్న్‌లో ఒక కరెంటు కంపెనీకి బిల్లింగ్ వ్యవస్థ మార్చే పనిలో ఉన్నాను. విక్టోరియాలో పింఛనుదారుల్లాంటి కన్సెషన్ కార్డున్నవాళ్ళకి కరెంటు బిల్లులో 17.5 శాతం తగ్గింపు ఉంటుంది. పాత వ్యవస్థ నుంచి ఖాతాలు కొత్తదానిలోకి తెచ్చేటప్పుడు, ఆ మధ్యలోనే ఇల్లు మారినవాళ్ళకి ఆ తగ్గింపు ఎగిరిపోతోందని పరీక్షల్లో దొరికింది. దాదాపు నాలుగు లక్షల ఖాతాల్లో పదకొండు. లోపాల పట్టికలో దాని పక్కన "తీవ్రత 4, తరవాతి విడుదలలో" అని రాసి సంతకం పెట్టింది నేనే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాణ్యతా ప్రమాణాల లెక్క ప్రకారం మేం గీత దాటనే లేదు.

నాలుగు నెలల తరవాత ఒక ఉత్తరం స్కాను చేసి నాకు పంపారు, కారణం కనుక్కోమని. గీతల కాగితం మీద చేత్తో రాసిన ఉత్తరం. ఎనభై దాటిన ఆవిడ. బిల్లు పెరిగింది కాబట్టి తనే ఎక్కువ వాడుతున్నాననుకుంది. జూలై అంతా హీటరు ఆపేసి దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. అప్పటికీ తగ్గకపోయేసరికి, "నేనేం తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పగలరా" అని అడిగింది. మెల్బోర్న్‌లో జూలై అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి చట్టంలో సాఫ్ట్‌వేర్ కూడా "సరుకే". నిర్వచనంలోనే రాసి ఉంది. 2016లో ఫెడరల్ కోర్టు వాల్వ్ అనే వీడియో గేముల కంపెనీకి 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది, వాపసు హక్కు లేదని కొన్నవాళ్ళని తప్పుదారి పట్టించినందుకు. మా నాన్నగారి బోర్డు లాంటిదే, అమెరికాలో కూర్చుని తెర మీద పెట్టారు. అయితే నన్ను పట్టుకున్నది జరిమానా కాదు. సరుకు నాణ్యతకి ఆ చట్టం పెట్టిన పరీక్ష. దాచి ఉన్న లోపాలతో సహా, ఆ వస్తువు లోగుట్టంతా తెలిసిన మామూలు మనిషి దాన్ని సరేనంటాడా? ఎన్నిటిలో ఎన్ని చెడ్డాయని అడగదు. నాలుగు లక్షలు అక్కడ పనికిరావు. నా పట్టికలో ఆ వరస ఆవిడకి చూపించి, "అమ్మా, ఈ చలికాలానికి మీ తగ్గింపు పోతుంది, తరవాతి విడుదలలో సరిచేస్తాం, సరేనా?" అని అడగగలనా?

మిల్లుకి తెలియదు. నాకు తెలుసు. మా ఇద్దరికీ తేడా అదే, అదేమో నాకు అనుకూలంగా లేదు. విడుదల ఆపాలని నేను ఇప్పటికీ అనను. ఖాతా నంబర్లు పదకొండూ మా దగ్గరున్నాయి, ఫోన్ నంబర్లూ ఉన్నాయి. పదకొండు ఫోన్లు చేస్తే మధ్యాహ్నానికి అయిపోయేది. గదిలో తొమ్మిది మందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. మేం మాట్లాడుకున్నదంతా శాతాల్లో. శాతానికి ఫోన్ చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

ఆవిడ డబ్బు తిరిగి ఇచ్చారు, అందరికీ పంపే అచ్చు క్షమాపణతో. మిగతా పది మందివీ అప్పుడే సరిచేశారు. వాళ్ళెవరూ ఉత్తరం రాయలేదు.

ఆ తరవాత నుంచి నేను ఏ పనిలో ఉన్నా లోపాల పట్టికలో ఒక గడి ఎక్కువ పెట్టిస్తున్నాను: ఎవరికి తగులుతుంది, వాళ్ళకి చెప్పామా. కుర్రాళ్ళు దానికి "తెనాలి కాలమ్" అని పేరు పెట్టారు, ఒక పార్టీలో చీర కథ చెప్పిన పాపానికి. మొన్నటి విడుదలలో ఆ గడిలో ముగ్గురున్నారు, పక్కన ఖాళీ. సంతకం ఎప్పుడు పెడతారని మేనేజరు రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. ముగ్గురిలో ఇద్దరు దొరికారు. మూడో ఆయన ఫోను మధ్యాహ్నం దాకా ఎత్తలేదు.