నమ్మకాన్ని ఓడించే ఆటలు

సకల ప్రశంసలకూ అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!

 

మన పాతబస్తీ చబుత్రాల మీద రాత్రిపూట కూర్చునే యువకుల మాటలు ఒకసారి శ్రద్ధగా విందాం. ఎవరైనా మిత్రుడు పక్కవాడికి సాయపడితే ‘వో గేమ్ ఖేల్‌రా’ అని నవ్వేస్తారు. ఇంట్లో చెల్లెలు అమ్మ చేతి పని అందుకుంటే ‘మార్కులు కొట్టేయాలని చూస్తోంది’ అని అన్న ఎగతాళి చేస్తాడు. కన్నీరు పెడితే నటన. మౌనంగా ఉంటే సేఫ్ గేమ్. ఇద్దరు స్నేహంగా ఉంటే గ్రూప్ గేమ్. ఈ మాటలు ఎక్కడి నుండి వచ్చాయో మనందరికీ తెలుసు. ఇవి టెలివిజన్ నుండి వచ్చాయి. మాటలు మాత్రమే వచ్చి ఉంటే ఇంతగా ఆలోచించవలసిన పని లేదు. ఆ మాటలతోపాటు మనిషిని చూసే ఒక చూపు కూడా వచ్చింది. ఆ చూపును ఇస్లాం వెలుగులో పరిశీలించుకోవడం అవసరం.

ఈ ఆటలు ఎలా నడుస్తాయి?

1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ అనే కార్యక్రమం మొదలయింది. కొందరు మనుషులను ఒక ఇంట్లో ఉంచి, బయటి ప్రపంచంతో సంబంధం తెంచి, రాత్రింబవళ్ళు కెమెరాలతో గమనించడమే దాని పద్ధతి. దాని తెలుగు రూపం ‘బిగ్ బాస్’ 2017 జులైలో స్టార్ మా చానెల్‌లో మొదలయింది. మొదటిసారి ఆ ఇల్లు లోనావాలాలో ఉండేది. 2018లో అది మన హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌కు మారింది. ఇంటిలోని వారే ప్రతి వారం ఒకరినొకరు నామినేట్ చేసుకోవాలి. అంటే తనతో కలిసి భోంచేసినవాడిలో ఒక తప్పు వెతికి, అందరి ముందు చెప్పి, వాడిని బయటికి పంపమని కోరాలి. తప్పు కనిపించకపోయినా ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పదు.

ఇంతకన్నా ఒక అడుగు ముందుకు వేసిన ఆట ‘ద ట్రెయిటర్స్’. ట్రెయిటర్స్ అంటే ద్రోహులు అని అర్థం. ఇది 2021లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. 2025 జూన్‌లో మన దేశంలో ప్రైమ్ వీడియోలో వచ్చింది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్యాలెస్‌లో చిత్రీకరించిన ఆ మొదటి సీజన్‌కు కరణ్ జోహార్ వ్యాఖ్యాత. ఇరవై మంది పాల్గొన్నారు. తెలుగువారికి తెలిసిన నటి మంచు లక్ష్మి కూడా వారిలో ఉన్నారు. అందులో కొందరిని రహస్యంగా ‘ద్రోహులు’గా నియమిస్తారు. మిగిలినవారు ‘అమాయకులు’. రాత్రి ద్రోహులు కూడబలుక్కుని ఒకరిని ‘హత్య’ చేస్తారు, అనగా ఆట నుండి తొలగిస్తారు. పగలు అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, ద్రోహి ఎవరో ఊహించి, ఓట్లు వేసి ఒకరిని వెళ్ళగొడతారు. చివరివరకు ద్రోహి దొరక్కుండా మిగిలితే బహుమతి సొమ్మంతా అతనిదే.

ఈ ఆటలో ఆలోచించదగిన విషయం ఒకటి ఉంది. ఎన్నోసార్లు ఆ బల్ల దగ్గర వెళ్ళగొట్టబడేది ద్రోహి కాదు, అమాయకుడే. ఎందుకని? మొదటి కారణం, అక్కడ సాక్ష్యం అంటూ ఏదీ ఉండదు. కనుక గొంతు తడబడటం, చూపు తిప్పుకోవడం, ఎక్కువ మాట్లాడటం, తక్కువ మాట్లాడటం, అన్నీ నేరానికి గుర్తులే అవుతాయి. రెండవది, గట్టిగా మొదట నింద వేసినవాడి వెనుక నలుగురు నడుస్తారు. నింద వేసేవాడు ద్రోహి అయి ఉంటాడని చాలామందికి తోచదు. మూడవది, నలుగురినీ కాదని ‘ఆగండి, ఆధారం ఏమిటి?’ అని అడిగినవాడే తరువాతి అనుమానితుడు అవుతాడు. కనుక అడగడానికి అందరూ భయపడతారు. చివరికి వెళ్ళిపోతున్నవాడు ‘నేను అమాయకుణ్ణే’ అని వెల్లడిస్తాడు. కూర్చున్నవారు తల పట్టుకుంటారు. మరునాడు మళ్ళీ మరొకరిపైన అనుమానం!

ఖుర్ఆన్ మూడు వచనాలు, ఆట మూడు మెట్లు

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరాను ఒకసారి జాగ్రత్తగా చదివితే, ఈ ఆట నియమాలను ఒక్కొక్కటిగా తిరగవేసినట్టు కనిపిస్తుంది. ఆరవ వచనం, చెడునడత గలవాడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకపోతే తెలియక ఒక వర్గానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తోంది. పదకొండవ వచనం ఎగతాళిని, దెప్పిపొడుపును, మారుపేర్లు పెట్టడాన్ని నిషేధించింది. పన్నెండవ వచనం అతిగా అనుమానించడం మానుకోమని, కొన్ని అనుమానాలు పాపమని, గూఢచర్యం చేయవద్దని, వెనుక నిందించవద్దని చెప్పింది. పరోక్ష నిందను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది.

ఆ ఆటలో అనుమానించడం బాధ్యత. మన ధర్మంలో అనుమానించకుండా ఆగడం బాధ్యత. ఆ ఆటలో ఇద్దరు మూలకు వెళ్ళి గుసగుసలాడటం వ్యూహం. దైవప్రవక్త (సఅసం) మాత్రం ముగ్గురు ఉన్నచోట మూడవవాడిని విడిచి ఇద్దరు రహస్యంగా మాట్లాడుకోవద్దని, అది అతనికి బాధ కలిగిస్తుందని బోధించారు. ఆ ఆటలో వీరి దగ్గర ఒక ముఖంతో, వారి దగ్గర మరో ముఖంతో వెళ్ళినవాడు తెలివైనవాడు. ప్రవక్త (సఅసం) దృష్టిలో అలాంటి రెండు ముఖాలవాడు మనుషుల్లో అతి చెడ్డవాడు.

ఇది చబుత్రా కబురు మాత్రమే కాదు

ఆధారం లేని అనుమానం గుంపు చేతికి చిక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి జైసల్మేర్ దాకా వెళ్ళనక్కర లేదు. 2018 మే నెలలో, పవిత్ర రమజాన్ రోజుల్లో, మన చాంద్రాయణగుట్టలోనే అది జరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకాయి. కొందరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను చూసి గుంపు అనుమానించింది. కొట్టింది. వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ గుంపులో ‘ఆగండి, విచారిద్దాం’ అనే గొంతుకు చోటు లేకపోయింది. ఆటలోని బల్ల దగ్గర వెళ్ళగొట్టబడినవాడు మరునాడు తన ఇంటికి వెళతాడు. గుంపు బలి తీసుకున్న మనిషి ఇంటికి వెళ్ళడు.

ఆ హత్యకు ఏ టీవీ కార్యక్రమమో కారణమని మనం అనడం లేదు. అలా అంటే అది కూడా ఆధారం లేని నిందే. మనం చెప్పేది వేరు. గుంపుతో కలిసి అనుమానించడం వినోదంగా అలవాటైన మనసుకు, అవసరమైన రోజున గుంపుకు ఎదురు నిలిచే బలం ఎక్కడి నుండి వస్తుంది? 2023 డిసెంబరులో బిగ్ బాస్ ఫైనల్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగులగొట్టారు, పోటీదారుల వాహనాలపై దాడి చేశారు. పోలీసులు కేసులు పెట్టారు. ‘ఇది ఆటే కదా’ అన్నవారు ఆ రాత్రి ఆటను ఆటగా చూడలేకపోయారు.

మదీనాలో కూడా ఒక వదంతి పుట్టింది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పైన కపటులు నింద వేశారు. దాదాపు నెల రోజులు ఊరంతా కలత చెందింది. చివరికి అన్ నూర్ సూరా అవతరించి ఆమె పవిత్రతను ప్రకటించింది. విశ్వాసులైన స్త్రీపురుషులు ఆ మాట విన్నప్పుడే తమ వారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని అల్లాహ్ మందలించాడు. ఆ రోజుల్లో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) తన భార్యను ఒక ప్రశ్న అడిగారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. నువ్వయితే అలాంటి పని చేస్తావా అని. ఆమె చేయనన్నారు. మరి ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారాయన. ఇంత చిన్న ప్రశ్నతో ఒక ఇంటిలో వదంతి ఆగిపోయింది.

‘ఆటలో మోసం తప్పెలా అవుతుంది?’

మన యువకులు ఈ ప్రశ్న అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చదరంగంలో ఎత్తు దాచడం, కుస్తీలో కుడివైపు చూపి ఎడమవైపు పట్టడం అబద్ధాలు కావు. ప్రవక్త (సఅసం) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మన ధర్మం ఆటపాటలకు శత్రువు కాదు. అయితే చదరంగంలో దాచేది ఎత్తును. ఈ కార్యక్రమాలలో దాచేది హృదయాన్ని. అక్కడ పావులు స్నేహం, కన్నీరు, నమ్మకం. అవసరమైతే తల్లి మీద, బిడ్డల మీద ఒట్లు కూడా. అల్లాహ్ తప్ప మరెవరి మీదా ప్రమాణం చేయరాదని, తెలిసి తెలిసి అబద్ధపు ప్రమాణం చేయడం ఘోర పాపాలలో ఒకటని మనకు తెలుసు. జనాన్ని నవ్వించడానికి అబద్ధం చెప్పేవాడికి వినాశం తప్పదని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

మరికొందరు యుద్ధంలో యుక్తికి అనుమతి ఉంది కదా అంటారు. నిజమే, ఉంది. కాని ఆ అనుమతికి ఉన్న హద్దు చూడండి. బద్ర్ యుద్ధానికి ముందు హజ్రత్ హుజైఫా (రజి)ను, ఆయన తండ్రిని ఖురైషీయులు దారిలో పట్టుకున్నారు. యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకుని వదిలిపెట్టారు. ముస్లింలు మూడు వందల పైచిలుకు మాత్రమే. ఎదుటి సేన దాదాపు వెయ్యి. ఒక్క మనిషి కూడా విలువైన రోజు అది. అయినా ప్రవక్త (సఅసం) వారిద్దరినీ వెనక్కి మళ్ళించారు. వారికిచ్చిన మాట నిలబెడదాం, సాయం అల్లాహ్‌నే కోరదాం అన్నారు. ప్రాణాలమీదికి వచ్చిన యుద్ధంలోనే మాట తప్పని వారి అనుచరులం, లక్షల రూపాయల బహుమతి కోసం మాట తప్పడాన్ని తెలివి అని ఎలా మెచ్చుకోగలం?

‘ఆట ముగిశాక మళ్ళీ మామూలుగానే ఉంటాం’ అనేది మూడవ మాట. యూసుఫ్ (అలై) సోదరులు కూడా అదే అనుకున్నారు. ఈ ఒక్క పని చేసి, తరువాత మంచివాళ్ళమై పోదామని వారు కూడబలుక్కున్న సంగతిని యూసుఫ్ సూరా తెలుపుతోంది. తమ్ముణ్ణి బావిలో పడవేసి, చొక్కాకు దొంగ నెత్తురు పూసి, రాత్రివేళ ఏడుస్తూ తండ్రి దగ్గరికి వచ్చారు. ఆ ఏడుపు తండ్రిని మోసగించలేకపోయింది. ఆ తరువాత ఏళ్ళకు బిన్‌యామీన్ విషయంలో వారు నిజం చెప్పారు. తండ్రి అప్పుడు కూడా నమ్మలేకపోయారు. మోసానికి అసలు జరిమానా ఇదే. ఒకనాడు నిజం చెప్పవలసి వచ్చినప్పుడు వినేవారుండరు.

నిజానికి ఎంత విలువ ఉందో ఇస్లాం స్వీకరించక ముందు అబూ సుఫ్యాన్‌కు కూడా తెలుసు. రోము చక్రవర్తి హెరక్లియస్ ఆయనను పిలిచి ప్రవక్త (సఅసం) గురించి ప్రశ్నలు వేశాడు. అప్పటికి ఆయన ప్రవక్తకు విరోధి. అయినా వెంట ఉన్నవారి దృష్టిలో అబద్ధికుణ్ణవుతానన్న సిగ్గుతో నిజమే చెప్పానని ఆయన తరువాత తెలిపారు. ఆనాటి విరోధికి ఉన్న సిగ్గు ఈనాడు మన ఇళ్ళలో కరిగిపోతుంటే ఊరకే చూస్తామా?

మన ఇంట ఏం చేద్దాం?

పాతబస్తీ బతుకు నమ్మకం మీద నడుస్తుంది. పత్తర్‌గట్టీ దుకాణంలో అరువు, మహిళలు కలిసి వేసుకునే చిట్టీ, పక్కింట ఉంచిన తాళంచెవి, పెళ్ళి సంబంధంలో పెద్దలు చెప్పే మాట, అన్నీ అమానతులే. మక్కావాసులు ప్రవక్త (సఅసం)ను చంపాలని చూసిన రాత్రి కూడా, వారు దాచుకున్న సొమ్ము తిరిగి అప్పగించడానికి ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళారు. మనం ఆ సంప్రదాయానికి వారసులం.

కనుక కొన్ని పనులు ఈ రోజు నుండే మొదలుపెడదాం. ఇంట్లో ఎవరు మంచిపని చేసినా దానికి ‘గేమ్’ అని పేరు పెట్టవద్దు. పిల్లలు ఇలాంటి కార్యక్రమాలు చూస్తున్నారని తెలిస్తే అరిచి ఊరుకోకుండా, పక్కన కూర్చుని అడగండి: వెళ్ళగొట్టిన ఆ మనిషి తప్పు చేశాడనడానికి సాక్ష్యం ఏముంది? నువ్వే అక్కడ ఉంటే ఎలా ఉండేది? ఈ ప్రశ్నలే వారిని ఆ చూపు నుండి బయటికి తెస్తాయి. సరదాకి కూడా తోటివారిని భయపెట్టే ఆటలు మానిపించండి. ప్రవక్త (సఅసం) దానిని అనుమతించలేదు. వాట్సాప్‌లో ఒక మనిషి ఫొటోతో నింద వస్తే, విచారించకుండా ముందుకు పంపకండి.

అన్నిటికన్నా ముందు తల్లిదండ్రులం మాట మీద నిలబడదాం. ఒక తల్లి తన చిన్న పిల్లవాణ్ణి ‘రా, ఒకటి ఇస్తాను’ అని పిలిచింది. ఏమి ఇవ్వదలిచావని ప్రవక్త (సఅసం) అడిగారు. ఖర్జూరం అన్నదామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పేర అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. అబద్ధమాడటం పిల్లవాడు టీవీ చూసి నేర్చుకోవడానికి ఎంతో ముందే మన నోటి నుండి నేర్చుకుంటాడు. నమ్మడం కూడా అక్కడే నేర్చుకుంటాడు.

ఓ అల్లాహ్! మా నాలుకలకు సత్యాన్ని, మా హృదయాలకు సాటివారిపట్ల మంచి తలంపును ప్రసాదించు. మా ఇళ్ళను నమ్మకానికి నిలయాలుగా చేయి. గుంపు తప్పుదారి పట్టిన రోజున ‘ఆగండి’ అని చెప్పగల ధైర్యాన్ని మా యువతకు ఇవ్వు. ఆమీన్.